గుంపుగా అడవికి వెళ్తున్నారా? చేయవలసినవి, చేయకూడనివి

జులై మొదలు సెప్టెంబరు ఆఖరు దాకా పులుల అభయారణ్యాల్లోకి పర్యాటకులను రానివ్వరు. వానలు తగ్గి అక్టోబరు రాగానే నల్లమల గేట్లు తెరుచుకుంటాయి. మన్ననూరు కాటేజీలకు, బైర్లూటి, పచ్చర్ల, తుమ్మలబైలు క్యాంపులకు బుకింగులు మొదలవుతాయి. కార్తీకంలో వనభోజనాల బృందాలు, డిసెంబరులో ఆఫీసు వాళ్ళు, సంక్రాంతికి ఊళ్ళో కలిసిన అన్నదమ్ముల కుటుంబాలు, విదేశాల నుంచి వచ్చిన మనవలు, మనవరాళ్ళు. అటు మారేడుమిల్లి, అరకు, లంబసింగి సంగతీ అంతే. వెళ్ళాలి. పిల్లలు చుక్కల దుప్పిని టీవీలో కాకుండా అది మేసే చోట చూడాలి. అలా వెళ్ళిన ప్రతి ఒక్కరూ క్షేమంగా ఇల్లు చేరాలన్న తపనతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అడవి అనగానే అందరికీ ముందు పులి గుర్తుకొస్తుంది. కానీ మనవాళ్ళు గుంపులుగా ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు ఒకసారి తలుచుకోండి. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది రాళ్ళ మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న 24 మంది హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు, పైనున్న లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళలో కొట్టుకుపోయారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగింది. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో స్నానానికి దిగిన వైద్య విద్యార్థులను ఒక్కసారిగా వచ్చిన వరద లాక్కుపోయింది. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి ముందు అన్నమయ్య జిల్లా గుండాలకోన అడవిలో నడిచి వెళ్తున్న భక్తుల మీద ఏనుగులు పడ్డాయి, ముగ్గురు చనిపోయారు.

వీటిలో ఎక్కడా పులి లేదు. అన్నిటిలోనూ గుంపు ఉంది. ఒంటరిగా వెళ్ళిన మనిషి నీటి అంచున ఒక క్షణం ఆగి ఆలోచిస్తాడు. పదిమందిలో ఒకడు దిగితే మిగతావాళ్ళు ఆలోచించరు, వెనకే దిగుతారు. పక్కన మనిషి ఉన్నాడన్న ధైర్యం అందరికీ ఉంటుంది, ఆ పక్కమనిషిని చూసుకోవాల్సిన బాధ్యత మాత్రం ఎవరిదో తేలదు. ఈ వ్యాసంలో నేను చెప్పే జాగ్రత్తలన్నీ ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

బయల్దేరక ముందు

బృందానికి ఒక పెద్దను ఎంచుకోండి. వయసులో పెద్ద కానక్కర్లేదు, డబ్బు పెట్టినవాడు కానక్కర్లేదు. ‘వద్దు’ అంటే మిగతావాళ్ళు వినే మనిషి కావాలి. ఆ మాట బస్సెక్కక ముందే అందరితో చెప్పి ఒప్పించండి. ‘బావగారూ, అక్కడ మీ మాటే మా మాట’ అని ఇంట్లో అనిపించుకోకపోతే జలపాతం దగ్గర ఎవరూ ఎవరి మాటా వినరు. ఆ పెద్దకు తోడుగా మందుల సంచీ చూసుకోవడానికి ఇంకొకరు, తలలు లెక్కపెట్టడానికి మరొకరు ఉండాలి. వాహనం ఎక్కిన ప్రతిసారీ, దిగిన ప్రతిసారీ లెక్క జరగాల్సిందే. ‘అందరూ వచ్చారా?’ అని అరిస్తే ‘ఆ, వచ్చాం’ అని వినిపించడం లెక్క కాదు. రానివాడు ఎలాగూ బదులు పలకడు.

ప్రతి ఒక్కరి ఆరోగ్యం గురించి ఒక కాగితం రాయించండి. షుగర్, బీపీ, ఆస్తమా, ఫిట్స్, గుండె జబ్బు, రక్తం పలుచబరిచే మాత్రలు, దేనికైనా ఎలర్జీ, బ్లడ్ గ్రూపు, ఇంటి దగ్గర ఫోన్ చేయాల్సిన మనిషి. మనవాళ్ళు జబ్బు సంగతి నలుగురిలో చెప్పుకోవడానికి మొహమాటపడతారు. అందుకని కాగితం మడిచి బృందం పెద్ద చేతికి ఇమ్మనండి. మందులు ప్రయాణం రోజులకు కాక అదనంగా మూడు రోజులకు తెచ్చుకోవాలి. ఇన్సులిన్ వాడేవాళ్ళు ముందే క్యాంపుకు ఫోన్ చేసి ఫ్రిజ్ ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే చిన్న థర్మాస్ ఫ్లాస్కులోనో, నీళ్ళు పోసిన మట్టికుండ మీదో చల్లగా ఉంచుకోవచ్చు. ఎండలో నిలిపిన బండి డాష్‌బోర్డు మీద మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు.

పాముకాటుకు మందు ఏ ఆసుపత్రిలో ఉంది? గదుల్లో ఏసీ ఉందా, చికెన్ ఎలా వండుతారు అని అడిగే మనం ఈ ప్రశ్న అడగం. బుక్ చేసేటప్పుడే అడగండి. మన్ననూరులో బస చేస్తే అచ్చంపేట, బైర్లూటి అయితే ఆత్మకూరు, ఆ తర్వాత నంద్యాల. తుమ్మలబైలు నుంచి దోర్నాల మీదుగా మార్కాపురం. మారేడుమిల్లిలో కేసు కాస్త బరువైతే పాతిక కిలోమీటర్ల పైచిలుకు దారి దాటి రంపచోడవరం, అక్కడా కుదరకపోతే రాజమండ్రి లేదా కాకినాడ. ఆ ఆసుపత్రికి ఫోన్ చేసి యాంటీ వీనమ్ నిల్వ ఉందని చెప్పించుకుంటే మరీ మంచిది. ఆ నంబరు, క్యాంపు నంబరు, రేంజ్ ఆఫీసు నంబరు కాగితం మీద రాసి అందరి జేబుల్లో పెట్టండి. ఫోన్‌లో చార్జింగ్ అయిపోతే అందులో దాచిన నంబరు పనికిరాదు.

సిగ్నల్ ఉండదు. అడవి లోపల చాలా దూరం ఏ కంపెనీదీ అందదు. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీది ఉంటే 112 కి కాల్ వెళ్తుంది, అది గుర్తుంచుకోండి. ఏ రోజు ఎక్కడ ఉంటారో, ఎప్పుడు తిరిగి బయటికొచ్చి ఫోన్ చేస్తారో ఇంటి దగ్గర ఒకరికి రాసిచ్చి వెళ్ళండి. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి ప్రయాణించిన హెలికాప్టర్ నల్లమలలో కూలినప్పుడు వైమానిక దళం, ఇస్రో, వేలాది పోలీసులు వెతికినా మర్నాడు ఉదయం దాకా ఆచూకీ దొరకలేదు. ముఖ్యమంత్రి కోసమే అంత సమయం పట్టిన అడవిలో, ఎక్కడికి వెళ్ళామో ఎవరికీ చెప్పకుండా తప్పిపోయిన మన కోసం ఎక్కడని వెతుకుతారు?

అమెరికా, ఆస్ట్రేలియాల నుంచి వచ్చే పిల్లలకు ఒక హెచ్చరిక. అక్కడ కొండలెక్కేవాళ్ళు వాడే ఉపగ్రహ ఫోన్లు, ఉపగ్రహం ద్వారా సందేశం పంపే చిన్న పరికరాలు మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా తేకూడదు, వాడకూడదు. విమానాశ్రయంలోనే ఆపి కేసులు పెట్టిన సందర్భాలున్నాయి. జాగ్రత్త కోసమే తెచ్చినా చట్టం ఊరుకోదు.

దారిలో

శ్రీశైలం రోడ్డులో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 గంటలకు మూస్తారు, మళ్ళీ ఉదయం 6 కే తెరుస్తారు. ఆ వేళకు అందుకోవాలని డ్రైవరును తొందరపెట్టకండి. మలుపుల్లో ఎదురొచ్చే లారీకీ, రోడ్డు దాటే దుప్పికీ మీ తొందర తెలియదు. ఆలస్యమైతే బయటే ఏ ఊళ్ళోనో పడుకుని తెల్లారి వెళ్ళండి. రాత్రంతా బండి నడిపిన డ్రైవరు చేత పొద్దున్నే ఘాట్ ఎక్కించవద్దు. అతనికీ తిండి, మంచం, నిద్ర చూపించే బాధ్యత బృందానిదే.

కోతులకు అరటిపండ్లు, బిస్కెట్లు వేయకూడదు. పుణ్యం అనుకుని చేసే ఆ పని వాటిని రోడ్డు మీదికి రప్పించి బండ్ల కింద పడేస్తుంది. మనుషుల చేతిలో సంచీ కనబడితే లాక్కోవడం, కరవడం నేర్పుతుంది. కోతి కరిచినా గీరినా సబ్బుతో పదిహేను నిమిషాలు నీళ్ళ కింద కడిగి, రేబిస్ టీకా వేయించుకోవాల్సిందే.

ఆడవాళ్ళ ఇబ్బంది గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను మాట్లాడతాను. అడవిలోకి ప్రవేశించక ముందే మరుగుదొడ్డి ఉన్న చోట బండి ఆపించడం బృందం పెద్ద బాధ్యత. అది మరిచిపోతే నడిరోడ్డులో ఆపి పొదల చాటుకు వెళ్ళాల్సి వస్తుంది. పాము కరిచే, ఎలుగుబంటి ఎదురయ్యే ప్రమాదం ఆ పొదల దగ్గర ఉంటుంది. తప్పనిసరైతే ఒక్కరుగా వెళ్ళకండి, బండి కనబడేంత దూరం దాటకండి, కర్రతో నేల తట్టి అడుగు వేయండి.

క్యాంపులో రాత్రి

ఇక్కడ కాస్త ఆగి చదవండి. అడవి యాత్రలో ఎక్కువ జాగ్రత్తపడాల్సిన చోటు సఫారీ జీపు కాదు, చీకటి పడ్డాక కాటేజీకీ భోజనశాలకూ మధ్యనున్న ఆ యాభై అడుగుల దారి. పగలంతా ఎండకు దాక్కున్న జంతువులు తిరిగే వేళ అది. మనం మాత్రం హవాయి చెప్పులతో, ఫోన్ చూసుకుంటూ నడుస్తాం.

టార్చి లేకుండా గుమ్మం దాటకూడదు. వెలుగు దూరానికి కాదు, మీ పాదానికి ఒకటి రెండు అడుగుల ముందు నేల మీద పడాలి. చీలమండలు కప్పే బూట్లు వేసుకోండి. పొద్దున్నే బూటు తొడిగే ముందు తలకిందులు చేసి నేలకేసి రెండుసార్లు కొట్టండి. తేళ్ళు, చిన్న పాములు, జెర్రులు వెచ్చదనం వెతుక్కుని అందులో దూరతాయి. బయట ఆరేసిన తువ్వాలు, లుంగీ దులిపి వాడుకోండి. బాత్‌రూమ్‌లో ముందు లైటు, తర్వాత అడుగు. తలుపు కింద సందు ఉంటే పాత గుడ్డ చుట్టి పెట్టండి.

గుంపు పెద్దదై మంచాలు చాలక కింద పరుపులేసుకుని పడుకోవడం మన ఇళ్ళల్లో మామూలే. అడవిలో అది చేయకండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది, కింద పడుకున్నవాళ్ళనే ఎక్కువగా కరుస్తుంది. దాని కోరలు చాలా చిన్నవి. కాటు నొప్పి ఉండదు, గాటు కూడా సరిగా కనబడదు. దోమ కుట్టిందనుకుని మళ్ళీ పడుకుంటారు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి. తర్వాత కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం. ఆఖరికి ఊపిరి తీసుకునే కండరాలు పడిపోతాయి. అడవిలో పడుకున్న మనిషి పొద్దున్నే కడుపునొప్పితో లేచి రెప్పలు ఎత్తలేకపోతుంటే రాత్రి తిన్న కూరను అనుమానించకండి, పాముకాటు అనుకుని ఆసుపత్రికి బయల్దేరండి. మంచం మీద దోమతెర కట్టి దాని అంచులు పరుపు కిందికి గట్టిగా దోపడం ఒకే దెబ్బకు దోమనీ పామునీ ఆపుతుంది. ఇంత చవకైన రక్షణ ఇంకొకటి లేదు. దోమతెర ఇవ్వని క్యాంపుకు మీ దోమతెర మీరే తీసుకెళ్ళండి.

నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. మన దగ్గర ప్రాణాలు తీసేవి ముఖ్యంగా ఈ నాలుగే. ఈ నాలుగింటికీ కలిపి ఒకే విరుగుడు మందు ఉంది, అది ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. అందుకే ఏ పాము కరిచిందో తేల్చడానికి దాన్ని వెతికి చంపి పట్టుకెళ్ళాల్సిన పని లేదు. ఆ ప్రయత్నంలో రెండో మనిషి కాటు తింటాడు.

కాటు పడితే ఏం చేయాలి? కరిచిన మనిషిని కూర్చోబెట్టండి లేదా పడుకోబెట్టండి. నడవనివ్వకండి. ఉంగరాలు, గాజులు, గడియారం, కాలి మెట్టెలు, పట్టీలు వెంటనే తీసేయండి, వాపు వచ్చాక అవి వేలిని కోసేస్తాయి. ఎముక విరిగినప్పుడు కట్టినట్టు కర్ర ఆనించి, ఆ చెయ్యి లేదా కాలు కదలకుండా వదులుగా గుడ్డ చుట్టండి. టైము చూసి రాసుకోండి. బండెక్కించండి. వాంతి వస్తుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ధైర్యం చెప్పే మనిషి ఒక్కరు పక్కన కూర్చుంటే చాలు, చుట్టూ చేరి ఏడవకండి.

తాడు బిగించి కట్టకూడదు. బ్లేడుతో కోయకూడదు, నోటితో పీల్చకూడదు, ఐస్ పెట్టకూడదు. మద్యం తాగించకూడదు. ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రలు వేయకూడదు, రక్తస్రావం పెరుగుతుంది. మంత్రం కోసం, పసరు కోసం దారిలో ఎక్కడా ఆగకూడదు. పసరుతో బతికారని చెప్పుకునే చాలామందిని కరిచింది విషం లేని పామో, విషం ఎక్కించకుండా కరిచిన పామో అయి ఉంటుంది. మీవాళ్ళకు అదే అదృష్టం ఉంటుందని పందెం కట్టకండి.

గదిలో తినుబండారాలు ఉంచొద్దు. చిప్స్ ప్యాకెట్టు వాసనకు ఎలుక వస్తుంది, ఎలుక కోసం పాము వస్తుంది. తిన్నదంతా భోజనశాలలోనే ముగించి, చెత్త సంచీలో కట్టి మీతో పాటు బయటికి తెచ్చేయండి.

లంబసింగి, అరకుల్లో చలికాలం ఇంకో ప్రమాదం ఉంది. వణుకు తట్టుకోలేక కుంపట్లో బొగ్గులు వేసి గదిలో పెట్టుకుని తలుపులు బిగించి పడుకుంటారు. ఆ బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. గాలి ఆడని బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజరు కూడా అంతే. చలికి ఇంకో దుప్పటి అడగండి, నిప్పును గుమ్మం లోపలికి రానివ్వకండి. క్యాంప్‌ఫైర్ సిబ్బంది చూపిన చోటే వేయాలి, నీళ్ళు పోసి ఆర్పి చెయ్యి పెట్టి చూశాకే లేవాలి. ఫిబ్రవరి తర్వాత నల్లమల ఎండుటాకుల మయం, ఒక్క బీడీ ముక్క కొండంతా కాల్చగలదు.

మద్యం సంగతి. క్యాంపులో కూడదని ఒక నియమం ఉంటుంది, బ్యాగుల్లో సీసాలు దాచుకెళ్ళే అలవాటూ ఉంది. రాత్రి అడవిలో మనకున్న రక్షణ అడుగు చూసి వేయడం, శబ్దం వినడం, చెప్పింది వినడం. తాగితే ఈ మూడూ ఒకేసారి పోతాయి. తాగాలనుకునేవాళ్ళు ఈ యాత్రకు రావద్దని బుకింగ్ రోజే చెప్పేయండి. ఒకరిద్దరు తగ్గితే తగ్గనివ్వండి.

సఫారీ జీపులో

దీనికి పెద్ద వివరణ అక్కర్లేదు. దిగొద్దు, నిలబడొద్దు, చెయ్యి బయటపెట్టొద్దు, అరవొద్దు. జంతువుకు 20 మీటర్ల కంటే దగ్గరికి బండి పోనివ్వమని డ్రైవరుకు డబ్బు ఆశ చూపొద్దు. పులి కనబడకపోతే గైడును నిందించొద్దు. ఉదయం సఫారీకి షుగర్ ఉన్నవాళ్ళు ఏమీ తినకుండా మాత్ర వేసుకుని ఎక్కడం చూస్తుంటాం, రెండు గంటల కుదుపుల్లో షుగర్ పడిపోతే అక్కడ దించే చోటు కూడా ఉండదు. రెండు ఇడ్లీలో, నాలుగు బిస్కెట్లో తిని ఎక్కండి. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి. జంతువులను వేధించడం, చెత్త వేయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరాలు.

కాలినడకన

గైడు లేకుండా క్యాంపు కంచె దాటకండి. నల్లమలలో మన వెంట వచ్చేది ఎక్కువగా చెంచు యువకులే. వాళ్ళ నడక గమనించండి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్కసారిగా ఆగి అరచెయ్యి వెనక్కి చూపిస్తాడు. దూరంగా కొండముచ్చు దగ్గినట్టు అరిచి ఉంటుంది, లేదా కణుజు ఒక్క కూత పెట్టి ఉంటుంది. మనకు ఏమీ వినిపించదు. పుట్ట దగ్గర వంగి, అప్పుడే తవ్విన ఎర్రమన్ను వేళ్ళతో నలిపి చూసి, తడిగా ఉంటే ‘ఇటొద్దు సార్, గుడ్డేలుగు ఇందాకే పోయింది’ అని దారి మారుస్తాడు. ఆ మాటకు ఎదురు చెప్పకండి. ‘ఏం కాదులే అన్నా, అయిదు నిమిషాలు’ అని బతిమాలకండి. అతనికి టిప్పు ఇస్తున్నాం కదా అని మన సరదా నెరవేర్చమని ఒత్తిడి చేయడం, అతని ప్రాణాన్నీ మన ప్రాణాన్నీ కలిపి పణంగా పెట్టడమే.

వరుసలో నడవండి. గైడు ముందు, నమ్మకమైన మనిషి ఒకరు అందరికంటే వెనక, పిల్లలు మధ్యలో. 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి నడకదారిలో తల్లిదండ్రుల కంటే కాస్త ముందు నడుస్తున్న ఆరేళ్ళ పాపను చిరుత ఎత్తుకుపోయింది. అది వేలమంది నడిచే మెట్లదారి. ఆ తర్వాతే మధ్యాహ్నం రెండు దాటాక పదిహేనేళ్ళలోపు పిల్లలను ఆ దారిలో పంపకూడదని నిబంధన పెట్టారు. చిరుత పెద్దల గుంపు జోలికి రాదు, గుంపు నుంచి విడివడిన చిన్న ప్రాణిని చూస్తుంది. పిల్లలను ముందు పరుగెత్తనివ్వకండి, సాయంత్రం తర్వాత క్యాంపు మైదానంలో కూడా చెయ్యి వదలకండి.

నల్లమలలో నడిచేవాళ్ళు పులి కంటే ఎక్కువగా జాగ్రత్తపడాల్సింది ఎలుగుబంటి విషయంలో. దాని చూపు మందం. చెదలు తవ్వుకుంటూ తల పుట్టలో పెట్టి ఉంటే మనం దగ్గరికొచ్చిన సంగతే తెలియదు, తెలిసిన మరుక్షణం బెదిరి మీద పడుతుంది. ఎండాకాలం మొదట్లో ఇప్పచెట్ల కింద పూలు రాలే చోట్లకు, తునికిపళ్ళు పండే చోట్లకు తెల్లవారుజామున, సాయంత్రం వెళ్ళకండి. గైడు చెప్పినంత మేరకు మాట్లాడుతూ నడవండి. దూరంగా కనబడితే వెనక్కి తిరిగి పరుగెత్తకుండా మెల్లగా వెనకడుగు వేయండి. మీద పడితే బోర్లా పడుకుని, రెండు చేతులూ మెడ వెనక బిగించి, ముఖం నేలకు దాచుకోండి. అది ముందు కొట్టేది ముఖాన్నే. వీపున సంచీ ఉంటే తీయకండి, అదే కవచం.

తలకోన, శేషాచలం వైపు వెళ్ళేవాళ్ళు ఏనుగుల కదలికల గురించి అటవీ సిబ్బందిని అడిగాకే అడుగు వేయాలి. చీకట్లో అసలు నడవకూడదు. గుండాలకోనలో అంతమంది కలిసి ఉన్నా ఏనుగుల ముందు ఆ సంఖ్య కాపాడలేదు.

కొండ చరియల కింద పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. సెంటు, సిగరెట్ పొగ, రాయి విసరడం, ఈ మూడూ ఆ ఈగలను లేపుతాయి. లేస్తే చేతులు ఊపుతూ నిలబడకండి, ముఖానికి గుడ్డ కప్పుకుని బండిలోకో గదిలోకో పరుగెత్తండి. నీళ్ళలో దూకితే పైన కాచుకుని ఉంటాయి. కుట్టిన ముళ్ళు ఆలస్యం చేయకుండా గోటితో గీకి తీసేయండి. ఊపిరి అందకపోయినా, పెదాలు వాచినా ఆసుపత్రే.

నీళ్ళ దగ్గర

జలపాతం దగ్గర మీ నెత్తిన ఎండ కాస్తుండవచ్చు. పైకొండల్లో వాన పడి ఉంటుంది. ఆ నీరు మీ దగ్గరికి రావడానికి పట్టేది నిమిషాలు మాత్రమే. నీటి రంగు తెలుపు నుంచి ఎరుపుకు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా ఆ క్షణమే ఒడ్డెక్కాలి. బట్టలు, ఫోన్లు, చెప్పులు వదిలేయండి. డ్యామ్ కింద నదిలోకి ఎప్పుడూ దిగకూడదు, ఎంత చిన్న పాయ అయినా, ఎంత ఎండాకాలమైనా. గేట్లు ఎత్తేవాడికి మీరు అక్కడున్నట్టు తెలియదు.

పాచి రాళ్ళ మీద సెల్ఫీలు వద్దు. ఒకరు జారితే పట్టుకోవడానికి ఈత రాని నలుగురు దూకుతారు, ఒక చావు అయిదుగురి చావుగా మారేది అక్కడే. మునుగుతున్నవారికి తాడు, చీర, పొడవాటి కర్ర, ఖాళీ నీళ్ళ డబ్బా ఏది దొరికితే అది ఒడ్డు మీది నుంచే అందించండి. బృందం సామానులో ఇరవై మీటర్ల నైలాన్ తాడు ఒకటి తప్పకుండా ఉండాలి.

బోటెక్కితే దిగేదాకా లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి, బకిల్స్ పెట్టి ఉండాలి. ఉక్కపోస్తుందని, ఫొటోలో బాగోదని విప్పకండి. కచ్చులూరు దగ్గర ఒడ్డునున్న గ్రామస్థులు నాటుపడవల్లో వచ్చి కాపాడగలిగింది నీటి మీద తేలుతున్నవాళ్ళనే. జాకెట్లు చాలకపోయినా, వరద హెచ్చరిక ఉన్నా, జనం ఎక్కువైనా టికెట్ డబ్బు వదులుకుని ఒడ్డునే ఆగిపోండి. పెద్ద అని మీరు ఎంచుకున్న మనిషి తన మాట నెగ్గించుకోవాల్సిన చోటు ఇదే.

ఇంటికి వచ్చాక

యాత్ర అయిపోయిందని జాగ్రత్త వదిలేయకండి. గడ్డిలో కూర్చున్నప్పుడు అంటుకునే నల్లి లాంటి చిన్న పురుగుల వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ వారం నుంచి మూడు వారాల తర్వాత బయటపడుతుంది. తీవ్రమైన జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు. చంకలో, గజ్జల్లో, నడుము దగ్గర, రొమ్ము కింద సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు కట్టిన మచ్చ కొందరిలో ఉంటుంది. నొప్పి లేకపోవడంతో రోగికే తెలియదు, వెతికి చూడాలి. మొదట్లోనే గుర్తిస్తే డాక్సీసైక్లిన్ లాంటి మామూలు మందుతో తగ్గిపోతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతింటాయి. మారేడుమిల్లి, పాడేరు వైపు మన్యం నుంచి వచ్చినవాళ్ళకు మలేరియా కూడా అనుమానించాలి, అది నెల తర్వాత కూడా రావచ్చు.

నగరంలో డాక్టరు జ్వరానికి డెంగీ, టైఫాయిడ్ పరీక్షలు రాస్తారు. మీరు ఎక్కడికి వెళ్ళొచ్చారో ఆయనకు తెలియదు కదా. కాబట్టి నెల రోజుల్లోపు జ్వరం వస్తే డాక్టరు గదిలో కూర్చోగానే మొదటి మాటగా ‘ఫలానా అడవికి వెళ్ళొచ్చాను, ఇన్ని రోజులైంది’ అని చెప్పండి. చెప్పి వచ్చాక బృందంలో మిగతావాళ్ళందరికీ ఫోన్ చేయండి. ఒకరికి వచ్చిందంటే అదే గడ్డిలో కూర్చున్న ఇంకొకరికీ రావచ్చు. మీరు ముందే చెబితే వాళ్ళు వేళకు ఆసుపత్రికి వెళ్తారు.